పర్యటన కారణం

ప్రభుత్వ ఉద్యోగులు విదేశాలకు వెళ్లాలంటే శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఆ దరఖాస్తులో వెళ్లే దేశం, తేదీలు, ఖర్చుకు డబ్బు ఎక్కడిది అన్నవన్నీ గబగబా నింపేశాను. ‘పర్యటన కారణం’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. ఆ కాగితం మూడు రోజులు నా సొరుగులోనే ఉంది. చివరికి ‘పుణ్యక్షేత్ర దర్శనం’ అని రాసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. అది అబద్ధం కాదు. అసలు కారణమూ కాదు.

నాకు అప్పుడు 49 ఏళ్లు. జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. మా వారు పోయిన నాలుగైదేళ్లకు నా జీవితంలోకి ఒక మనిషి వచ్చారు. ఆయన కూడా భార్యను పోగొట్టుకున్నవారే. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి ఒక ఇంట్లో ఉందామని మాట్లాడుకున్నాం. ఇంతలో వాళ్ల అమ్మాయికి సంబంధం కుదిరింది. “వియ్యాలవారు ఏమనుకుంటారో” అన్నారు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి, ఆగిపోయాయి. కార్తీక మాసంలో శుభలేఖ మాత్రం వచ్చింది, కాలేజీ అటెండరు చేతి మీదుగా. నాలుగు మూలలా పసుపు, కవరు మీద ఆయన చేతిరాతతో నా పేరు. లోపల ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అని అచ్చు వేసి ఉంది. నా కుటుంబం అనుకున్నది ఎవరినో ఆయనకు తెలుసు.

మా వారు పోయినప్పుడు ఇల్లు నిండా మనుషులే. పక్కింటి పిన్నిగారు పన్నెండు రోజులూ క్యారియర్‌లో అన్నం తెచ్చి, నేను రెండు ముద్దలు తినేదాకా కదిలేవారు కాదు. ఏడిస్తే ఏడవనిచ్చారు. ఈసారి దుఃఖానికి పరామర్శ లేదు, మైల లేదు, పెద్దకర్మ లేదు. శుభలేఖ వచ్చిన రోజు కూడా రెండు పీరియడ్లు పాఠం చెప్పాను. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని అడిగితే సైనసు అన్నాను. ఇరవయ్యేళ్ల పిల్లకైతే మనసు విరిగిందంటే నలుగురూ నమ్ముతారు. యాభైకి దగ్గర పడ్డ ఆడదానికి అది ఉంటుందనే ఎవరూ అనుకోరు.

పెళ్లి ఎలాగో దాటింది. సంక్రాంతి దాటలేననిపించింది. కొత్త అల్లుడు వచ్చే మొదటి పండగ. వాళ్ల ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల.

శ్రీలంకను ఎంచుకోవడానికి పెద్ద ఆలోచనేమీ లేదు. దగ్గర, ఖర్చు తక్కువ, సెలవుల్లో పోయి రావచ్చు. అప్పట్లో విదేశంలో ఉన్న అబ్బాయి దగ్గరకు వెళ్దామని 2019లో తీసుకున్న పాస్‌పోర్టు కరోనా వల్ల ఒక్క ముద్రా పడకుండా అలాగే ఉంది. ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో వచ్చింది. ఆ నెలల్లో భారతీయులకు దానికి రుసుము కూడా లేదు. నిరభ్యంతర పత్రం మాత్రం డిసెంబరు చివరి వారంలో చేతికందింది. పుణెలో ఉన్న అబ్బాయి “ఒక్కదానివేనా అమ్మా?” అని రెండుసార్లు అడిగాడు. శ్రీపాద శిఖరం చూడాలని ఎప్పటి నుంచో ఉందన్నాను.

అది కొంత నిజమే. 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ కొండ ఎక్కాడని ఏటా పిల్లలకు చెబుతాను. పైన రాతి మీద ఉన్న పాదముద్రను బౌద్ధులు బుద్ధుడిదంటారు, హిందువులు శివుడిదంటారు, ముస్లింలు ఆదాముదంటారు. డిసెంబరు పౌర్ణమి నుంచి వైశాఖ పౌర్ణమి దాకా యాత్రాకాలం.

విజయవాడ నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి కొలంబోకు గంటన్నర విమానం. మర్నాడు తెల్లవారుజామున హట్టన్‌కు రైలెక్కాను. స్టేషన్ల పేర్లు మూడు భాషల్లో ఉంటాయి. సింహళ అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. ప్రతి బోర్డునూ చదవబోయేదాన్ని, ఒక్కటీ పట్టుబడేది కాదు. హట్టన్ నుంచి బస్సులో తేయాకు తోటల మధ్య నల్లతణ్ణి అనే ఊరు చేరాను. కొండ మొదలు అక్కడే.

పండగ నుంచి పారిపోయి వచ్చానా, మర్నాడు తలుపు తీసేసరికి వాకిట్లో ముగ్గు. బ్రిటిష్ వాళ్లు తేయాకు పనికి తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల సంతతి ఇప్పటికీ ఆ కొండల్లో ఉంది. నేను దిగిన లాడ్జి ఆవిడ వాళ్లలో ఒకరు. “అక్కా” అని పిలిచి ఆకులో వేడి పొంగలి పెట్టింది. నా వెంట ఎవరూ లేరేమని అడగలేదు.

ఆ రాత్రి రెండు గంటలకు బయలుదేరాను. మెట్లు దాదాపు 5,500. దారి పొడవునా దీపాలు, టీ కొట్లు. తెల్లచీరల్లో ముసలమ్మలు చేతులు పట్టుకుని, పాడుకుంటూ ఎక్కుతున్నారు. ఎదురుపడ్డవారు ఒకరికొకరు “కరుణావయి” అని చెప్పుకుంటారు. నాకూ చెప్పారు. మొదటిసారి వినగానే కాళ్లు ఆగిపోయాయి. అది మన కరుణే. ఏమైందని అడగకుండా, నేనెవరో తెలియకుండా, నా వంక చూసి కరుణ అంటున్నారు. నాలుగు నెలలుగా నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

సగం పైన ఇందికటుపాన అనే చోటు ఉంది. బుద్ధుడు అక్కడ ఆగి చిరిగిన చీవరం, అంటే భిక్షువు కట్టే వస్త్రం, కుట్టుకున్నాడని చెబుతారు. అందుకని యాత్రికులు సూదికి దారం ఎక్కించి అక్కడ గుచ్చి వెళతారు. ఒక ముసలమ్మ నా చేతిలో సూది, మూరెడు తెల్లదారం పెట్టింది. నాకు చత్వారం. కళ్లజోడు లాడ్జిలోనే మరిచిపోయాను. దీపం కిందకు జరిగి, దారం కొస తడిచేసి, చలికి వణికే వేళ్లతో నాలుగైదుసార్లు ప్రయత్నించాను. సూది బెజ్జం ఒకటి రెండుగా కనబడుతోంది. ముసలమ్మ వెంట ఉన్న పదేళ్ల పాప సూది తీసుకుని ఒక్కసారికే ఎక్కించి నా చేతికిచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది. మెట్టు మీద కూర్చుని గట్టిగానే ఏడ్చాను. ముసలమ్మ నా పక్కన కూర్చుంది. నా వీపు మీద చెయ్యి వేసి తమలపాకు నములుతూ ఉంది, నేను లేచేదాకా.

పైకి చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. అక్కడ గంట ఉంది. ఎన్నిసార్లు కొండ ఎక్కారో అన్నిసార్లు కొట్టాలి. చుట్టూ ఉన్నవారు ఏడెనిమిది కొడుతుంటే నేను ఒకటి కొట్టాను. సూర్యుడు రాగానే పడమటి పొగమంచు మీద కొండ నీడ త్రికోణంలా పడింది. కాసేపటికి కరిగిపోయింది.

దిగడమే కష్టం. మోకాళ్లు వణికిపోయాయి, ప్రతి కొట్టు దగ్గరా కూలబడ్డాను. మధ్యాహ్నానికి లాడ్జి చేరి, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని అబ్బాయికి ఫోను చేశాను. ఎందుకొచ్చానో మొదటి నుంచీ చెప్పాను. చాలాసేపు వాడేమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

“ఆయన పేరేమిటమ్మా?” అన్నాడు.

చెప్పాను.