నవ్వే ముఖం మీద ఒక కన్నీటి చుక్క

దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూల్. ఆ టైమ్‌లో సైట్ మీద అందరం షెడ్‌లో చేరి ఫోన్లు చూసుకుంటాం. మన హైదరాబాద్‌లో బోనాలు కూడా ఈ నెలల్లోనే వస్తాయి కదా, లాల్‌దర్వాజ నుంచి మా ఇంటి గ్రూప్‌లో ఫోటోలే ఫోటోలు. అక్క నెత్తిన బోనం, పక్కన వేపకొమ్మ పట్టుకున్న మా పాప, కాళ్లకు పసుపు.

ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు. మెసేజ్, వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తాయి. వాయిస్ పెడదామంటే చుట్టూ మనుషులు, రాత్రి రూమ్‌కి పోయినా అంతే, ఆరుగురం ఉంటాం. గొంతు వణికితే అందరికీ తెలిసిపోతుంది. అందుకే మాలాంటివాళ్లకు ఎమోజీ పిల్లల ఆట కాదు, ఎవరికీ వినపడకుండా మనసులో మాట ఇంటికి చేర్చే దారి అది.

పాపను చూస్తే సంతోషం, పక్కన లేనే అని బాధ, రెండూ ఒక్కసారే వస్తాయి. ఇంతకుముందు నవ్వే ముఖం ఒకటి, ఏడ్చే ముఖం ఒకటి కలిపి పంపేవాణ్ణి. అమ్మకు ఏడుపే కనపడేది. వెంటనే "ఏమైంది బిడ్డా, తిన్నవా, ఒంట్లో బాగలేదా" అని టెన్షన్. ఉత్త నవ్వే పంపితే అక్కకు నేనిక్కడ హాయిగా ఉన్నట్టే. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వే ముఖం ఉంది, 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీవాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది, కానీ అందులో నీళ్లున్నా బాధ లేదు, పడీపడీ నవ్వడమే.

2020లో యూనికోడ్ లిస్టులోకి కొత్త ముఖం వచ్చింది. ఏ అక్షరానికి, ఏ ఎమోజీకి ఏ నంబరో అన్ని ఫోన్లకూ ఒకేలా చెప్పే లిస్టు అది, మన తెలుగు అక్షరాలకు నంబర్లిచ్చేది కూడా అదే. పెదాల మీద చిన్న నవ్వు, ఒక కంటి కింద ఒకే చుక్క. మరుసటి ఏడాది, నీళ్లు నిండిన కళ్లతో ఏడుపు ఆపుకునే ముఖం కూడా చేర్చారు. ఆ ఒక్క చుక్క ముఖం అమ్మ పాత ఫోన్‌లో మొదట్లో ఖాళీ డబ్బాలాగా కనపడేది, ఇప్పుడు బాగానే కనపడుతోంది.

మీవాళ్లు బయటి దేశంలో ఉండి, పండగ ఫోటోల కింద ఆ ఒక్క చుక్క ముఖం పెడితే కంగారుపడి ఏమైందని అడగకండి. ఇంకో నాలుగు ఫోటోలు పెట్టండి, ఆ రోజు ఇంట్లో ఏం వండారో రాయండి, పిల్లలతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టించండి. మూడింటికి పని మొదలయ్యేలోపు వినేస్తాం.