కాంతి సంవత్సరం: నాకు రెండుసార్లు తప్పు పోయిన బిట్టు

రైల్వే ఎన్టీపీసీ ఉద్యోగ పరీక్షకు చదువుతున్నప్పుడు మాక్ టెస్టుల్లో ఒకే టాపిక్ దగ్గర రెండుసార్లు దెబ్బ తిన్నాను. అదీ బ్లాక్ హోల్ లాంటి పెద్ద విషయం కాదు, హైస్కూల్లో చదివేసిన కాంతి సంవత్సరం.

మొదటిసారి వచ్చింది చాలా మామూలు బిట్టు, కాంతి సంవత్సరం దేనికి ప్రమాణం అని. జవాబు 'దూరం', కాంతి ఏడాదిలో పోయే దూరం అని నాకు తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ 90 నిమిషాల్లో 100 ప్రశ్నలన్న టెన్షన్‌లో, 'సంవత్సరం' అన్న మాట కంట పడగానే చెయ్యి 'కాలం' ఆప్షన్ మీదికి పోయింది. మార్కు పోయింది, దాని మీద మూడో వంతు నెగెటివ్.

రెండోసారి తప్పు పూర్తిగా నాది కాదు. కాంతి సంవత్సరం అంటే ఎన్ని కిలోమీటర్లు అని అడిగి 9.46 ఇంటూ 10 పవర్ 9, 12, 15, 18 అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. నేను కళ్లు మూసుకుని 15 పెట్టాను, ఎందుకంటే నేను వెళ్లిన కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లో కిలోమీటర్లు అని రాసి పక్కన 15 వేశారు. 15 అనేది మీటర్లలో వచ్చే అంకె, కిలోమీటర్లలో అయితే 12. అడిగితే ప్రింటింగ్ మిస్టేక్ అన్నారు, అంతే. ఆ మెటీరియల్‌ని నాలుగు నెలలుగా బట్టీ పడుతున్న వాడి సంగతేంటి?

ఆ రోజు రూముకొచ్చి బట్టీ పట్టడం మానేసి, తెల్ల కాగితం మీద మొదటినుంచి లెక్క వేసుకున్నాను. గంటకు 3,600 సెకన్లు, రోజుకు 86,400. దాన్ని 365తో గుణిస్తే 3,15,36,000, అంటే సుమారు 3.15 కోట్ల సెకన్లు. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కి.మీ. పోతుంది. రెండూ గుణిస్తే 9.46 లక్షల కోట్ల కి.మీ. లక్షకు 5 సున్నాలు, కోటికి 7, కలిపి 12. ఇక జన్మలో 15 పెట్టను. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. కాంతి అసలు వేగం సెకనుకు 2,99,792.458 కి.మీ., అంటే 3 లక్షలకు కొంచెం తక్కువ. ఖగోళ శాస్త్రవేత్తలు తీసుకునే సంవత్సరం 365.25 రోజులు, అంటే మన 365 కంటే కొంచెం ఎక్కువ. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గి మన నాటు లెక్క కూడా అదే 9.46 దగ్గర వచ్చి ఆగుతుంది.

లక్ష కోట్లు అంటే ఊహకు అందకపోతే ఎకానమీ నోట్స్ తీయండి. 2025-26కి తెలంగాణ బడ్జెట్ 3 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ మొత్తంలో ఒక్కో రూపాయికి ఒక్కో కిలోమీటరు లెక్కేసినా కాంతి సంవత్సరంలో మూడో వంతు కూడా పూర్తవదు.

అయినా లెక్క వచ్చినంత మాత్రాన 'కాలం' ఆప్షన్ మీద మోజు పోదు. నాకు అది పోయింది బస్సులో. వరంగల్ నుంచి హైదరాబాద్ ఎంత దూరం అని అడిగితే మనం 145 కిలోమీటర్లు అనం, మూడు గంటలు అంటాం. అడిగింది దూరం, చెప్పింది కాలం, అయినా ఎదుటివాడికి అర్థమైపోతుంది, ఎందుకంటే బస్సు ఎంత స్పీడుతో పోతుందో ఇద్దరికీ తెలుసు. కాకపోతే ఉప్పల్ దగ్గర ఇరుక్కుంటే ఆ మూడు కాస్తా నాలుగవుతుంది, దూరం మాత్రం పెరగదు. శూన్యంలో కాంతికి ఆ గొడవ లేదు, దాని వేగం ఎప్పుడూ ఒక్కటే. అందుకే 'ఏడాది ప్రయాణం' అని చెబితే అది కచ్చితమైన దూరం అయిపోతుంది. ఇది బుర్రకెక్కాక ఆ బిట్టులో ఆప్షన్లు ఎలా తిప్పినా నేను తడబడలేదు.

ఇదే దారిలో మిగతావీ వచ్చేస్తాయి. చంద్రుడు 3.84 లక్షల కి.మీ. దూరంలో ఉన్నాడు కాబట్టి కాంతికి 1.3 సెకన్లు చాలు. సూర్యుడు దాదాపు 15 కోట్ల కి.మీ., 3 లక్షలతో భాగిస్తే 500 సెకన్లు, అదే మనం బట్టీ పట్టే 8 నిమిషాల 20 సెకన్లు. ఈ భూమి-సూర్యుడి దూరమే ఆస్ట్రనామికల్ యూనిట్, ఒక కాంతి సంవత్సరంలో అలాంటివి 63 వేల పైచిలుకు ఉంటాయి. పార్సెక్ ఇంకా పెద్దది, 3.26 కాంతి సంవత్సరాలు. ఆరోహణ క్రమంలో పెట్టమన్నప్పుడు చాలామంది పార్సెక్‌ని ముందు పెట్టేస్తారు, జాగ్రత్త. ఇంకొకటి, 'భూమికి దగ్గరి నక్షత్రం' అంటే సూర్యుడే. 'సూర్యుడి తర్వాత' అన్న మాట ఉంటేనే ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాలు. సెకనుకు దాదాపు 17 కి.మీ. పోయే వాయేజర్-1 వ్యోమనౌక లాంటిది అంత దూరం వెళ్లాలంటే సుమారు 75 వేల ఏళ్లు. ఇది పరీక్షకు అవసరం లేదు, నాకు నచ్చి రాశాను.

మా రూమ్మేట్ ఒక తమ్ముడు, అప్పుడే ప్రిపరేషన్ మొదలుపెట్టాడు, వాడిది స్వాతి నక్షత్రం. ఏప్రిల్‌లో ఒక రాత్రి మెస్‌లో తినొచ్చి డాబా ఎక్కితే సప్తర్షుల తోక వంపు పట్టుకుని పోతే తగిలే నారింజ రంగు చుక్కని చూపించి, అదేరా నీ స్వాతి, 37 కాంతి సంవత్సరాల దూరం అన్నాను. వాడు కాసేపు చూసి, "అంటే అన్నా, ఇప్పుడు నా కంట్లో పడిన వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు నేను ఇంకా పుట్టలేదా?" అన్నాడు. పుట్టలేదురా, మీ నాన్నకి పెళ్లి కూడా అయ్యుండదు అన్నాను. మరుసటి వారం మాక్ టెస్టులో అదే బిట్టు వస్తే వాడు 'దూరం' పెట్టాడు, నన్ను అడగకుండానే.