బుట్వల్ ఘాట్‌లో ఆగిన టీజీ బండి

హైదరాబాద్ నుంచి నేపాల్‌కు సొంత కారులో వెళ్తున్నామంటే అందరూ రోడ్డు గురించే అడిగారు. నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, గోరఖ్‌పూర్ దాటితే సోనౌలి, అక్కడే సరిహద్దు. రోడ్డుకేం ఢోకా లేదు. మా మలక్‌పేట మెకానిక్ ఒక్కడే వేరే మాట అన్నాడు: "నడిచే బండికి ఎవడన్నా తొవ్వ జూపిస్తడన్నా. ఆగిన బండిని దేశం దాటించుడెట్లనో ముందుగాల అది జూస్కో."

మావి రెండు కార్లు. నాది మాన్యువల్ గేర్ల పాత డీజిల్. బామ్మర్దిది కొత్త ఆటోమేటిక్, సీవీటీ రకం, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో వేగం మార్చేది. అదీ మా మామగారి పేరు మీద, లోను ఇంకా తీరలేదు. అందుకే కాగితాల తిరుగుడంతా వాడిదే అయింది. మామగారి అనుమతి పత్రానికి నోటరీ, బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, ఆర్సీ అసలు కార్డు. ఆర్సీ డిజిలాకర్‌లో ఉంటే ఖైరతాబాద్ చౌరస్తాలో పోలీసుకు చూపించి బయటపడొచ్చు. పరాయి దేశపు కౌంటర్‌లో ఆ ధీమా పనికిరాదు. నేపాల్‌లో మన డ్రైవింగ్ లైసెన్సే నడుస్తుంది కాబట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ జోలికి పోలేదు.

నేను గట్టిగా పట్టుబట్టింది ఇన్సూరెన్స్ దగ్గర. మన మామూలు పాలసీ దేశం ఎల్లలతోనే ఆగిపోతుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి పొరుగు దేశాలకు దాన్ని పొడిగించాలంటే అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చే అదనపు కాగితం, రాయించుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ ఏజెంటు గారికి అది కొత్త సంగతే. వారం తిరిగాక కాగితం వచ్చింది. అదే ఊపులో పాలసీలో చిన్నక్షరాలన్నీ చదివాను. ప్రైవేటు కారుకు ప్రమాదం జరిగితే దగ్గర్లోని షెడ్డుకు లాక్కెళ్లే ఖర్చు 1,500 రూపాయల వరకే ఇస్తారట. ప్రమాదం లేకుండా దానంతటది ఆగిపోయిన బండికి అదీ లేదు. దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా ఉండాలి, మా దాంట్లో భారత భూభాగం వరకే అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం మమ్మల్ని తర్వాత బాగా ఉరికించింది.

సోనౌలి గేటు దాటితే నేపాల్ వైపు బెలహియా. బండి పర్మిట్‌ను అక్కడ భన్సార్ అంటారు, రోజుల లెక్కన డబ్బు కట్టాలి. మన రూపాయికి నేపాలీ 1.60, ఆ మారకం 1993 నుంచీ కదల్లేదు. చీటీ మీద గడువు విక్రమ శకంలో ఉంటుంది. 2082 అని చూసి బామ్మర్ది "బావా, ఇంకా యాభై ఏడేళ్ల టైముంది" అని నవ్వాడు. నవ్వులాట పక్కనపెడితే, ఆ తేదీని మన క్యాలెండర్‌లోకి మార్చి ఫోన్లో రాసుకోవడం మంచిది. మేం అనుకున్నదానికన్నా రెండు రోజులు ఎక్కువే కట్టాం. గడువు దాటి బండి అక్కడ ఉంటే జరిమానా, అది నడిచే స్థితిలో ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

లుంబిని గురించి రాయాలంటే అదో వేరే వ్యాసం. అశోకుడి స్తంభం దగ్గర మా అత్తగారు కదలనంటే మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం.

బుట్వల్ దాటాక సిద్ధార్థ హైవే తినావ్ నది లోయలోకి దూరుతుంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు ఏరు, కొండచరియలు విరిగిపడే సిద్ధబాబా మలుపులు. తాన్‌సేన్ ఎక్కుతుండగా బామ్మర్ది బండిలో గేర్‌బాక్స్ వేడెక్కిందని లైటు వెలిగింది. కాసేపు ఆపి చల్లారనిచ్చినా లాభం లేదు, ఇంజను అరుస్తోంది గానీ చక్రం తిరగడం లేదు.

వెనకాల వచ్చిన లారీ డ్రైవరు మంచివాడు. తాడు తీసి, కట్టెయ్ బుట్వల్ దాకా లాగుతా అన్నాడు. చేతులు జోడించి వద్దన్నాం. సీవీటీలో ఇంజను నడిస్తేనే గేర్‌బాక్స్‌లో ఆయిల్ సరిగా తిరుగుతుంది. ఇంజను ఆపి ముందు చక్రాలు నేల మీద పెట్టి లాగితే ఉన్నదీ పోతుంది. పైగా దిగుడు ఘాట్. ఇంజను ఆగిన బండికి బ్రేకు పెడల్ తొక్కలేనంత గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. మన దేశంలోనైతే తాడుతో లాగడానికీ నిబంధనలున్నాయి: రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదు, లాగబడే బండిలో లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, వెనక "ఆన్ టో" అన్న బోర్డు కనబడాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను ఆ బోర్డు ఒక్కసారీ చూడలేదనుకోండి. ఆడవాళ్లనూ పిల్లలనూ నా బండిలో తాన్‌సేన్‌కు చేర్చి వచ్చి, బండిని మొత్తంగా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్‌ను బుట్వల్ నుంచి పిలిపించాం. అది వచ్చేసరికి చీకటి పడింది.

బుట్వల్ షెడ్డులో గేర్‌బాక్స్ విప్పుతామన్నారు. పనిమంతులే, కాదనను. కానీ బయటివాళ్లు ఒకసారి విప్పితే వారంటీ దక్కదు, గడువులోగా సామాను దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. బామ్మర్ది ఊగిసలాడాడు. "ఒరేయ్, ఇక్కడి నుంచి సరిహద్దు ముప్పై కిలోమీటర్ల లోపే. గేటు అవతల పడితే చాలు, కంపెనీ వాళ్లే మోస్తారు" అన్నాను.

పొద్దున్నే మళ్లీ ఫ్లాట్‌బెడ్ ఎక్కించాం. దాని డ్రైవరు బెలహియాలో దించేశాడు, గేటు దాటి రానన్నాడు. బండి ఫోటోలు నాలుగు వైపులా తీసుకుని, డబ్బులిచ్చి రసీదు రాయించుకున్నాం. కౌంటర్‌లో భన్సార్ చీటీ అప్పగిస్తే ఒకాయన బయటికొచ్చి, నెంబరు ప్లేటూ ఛాసిస్ నెంబరూ చీటీతో సరిపోల్చుకుని, సరే పొమ్మన్నాడు.

ఎలా పోవడం? న్యూట్రల్‌లో వేసి నేనూ, మామగారూ, పక్కనే ఖాళీగా ఉన్న ఇద్దరు రిక్షావాళ్లూ తోయడం మొదలెట్టాం. బామ్మర్ది స్టీరింగ్ దగ్గర. ఆ కాసేపటికి ఫ్లాట్‌బెడ్ అక్కర్లేదు, చక్రం మెల్లగా దొర్లితే చాలు. ఎదురుగా లారీల వరుస, హారన్ల మోత. మన గేటు దగ్గర సశస్త్ర సీమా బల్ జవాను ఆపి, డిక్కీ తెరిపించి చూశాడు. "హైదరాబాద్ నుంచి తోసుకుంటూ వచ్చారా?" అని హిందీలో అడిగి, తనూ ఒక చెయ్యి వేశాడు.

కాస్త ముందుకు తోసి పక్కకు ఆపి, అసిస్టెన్స్ నెంబరుకు ఫోన్ చేశాం. ఎక్కడున్నారని అడిగారు. సోనౌలి, ఉత్తరప్రదేశ్ అన్నాడు బామ్మర్ది, ఆ రెండో మాటను కావాలనే ఒత్తి పలుకుతూ. సాయంత్రానికి బండి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో గోరఖ్‌పూర్ సర్వీస్ సెంటర్‌కు చేరింది. గేర్‌బాక్స్ వారంటీలో మార్చారు. నేపాల్‌లో అయిన రెండు ఫ్లాట్‌బెడ్‌ల ఖర్చుకు బామ్మర్ది క్లెయిము పెడతానన్నాడు. పాలసీ కాగితం తీసి, ప్రమాదం అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆ ఖర్చు చెరి సగం పంచుకున్నాం.