రావి నారాయణరెడ్డి గారి చట్టసభల రికార్డు వెతికిన నా అనుభవం

జూన్ 5 తెలంగాణ కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారి జయంతి. ఆ రోజుకి మా గ్రంథాలయంలో గోడకి పెట్టడానికి కొన్ని పోస్టర్లు చేద్దామనుకున్నాం, రాసే పని నా మీద పడింది. భువనగిరి వైపు ఆయన పేరు వినని వాళ్ళుండరు. బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట్లో పుట్టి దొరల మీదే తిరగబడ్డాడని, 1952 మొదటి ఎన్నికల్లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడని ఎవరిని కదిలించినా చెప్తారు. అంతటితో ఆగిపోతారు. ఆయన ఏ సభలో ఉన్నారు, ఎక్కడి నుంచి గెలిచారు, ఎన్నేళ్ళు ఉన్నారు అని వరసగా అడిగితే మాత్రం తలా ఒక మాట. మూడుసార్లు ఎంపీ అన్నవాళ్ళున్నారు, అసలు అసెంబ్లీకే రాలేదన్నవాళ్ళూ ఉన్నారు. పోస్టర్ మీద వేసే ప్రతి లైను వెనక ఒక కాగితం ఉండాల్సిందే అని అప్పుడే పట్టుబట్టాను.

ముందు ఓట్ల సంగతి తేల్చుకుందామని ఎన్నికల సంఘం సైటుకి వెళ్ళాను. మీరూ వెతికేటట్టైతే ఒకటి గుర్తుపెట్టుకోండి. మనం 1952 ఎన్నికలు అంటాం గానీ నివేదిక మీద సంవత్సరం 1951 అని ఉంటుంది, ఎందుకంటే పోలింగు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగింది. నల్గొండని హైదరాబాద్ రాష్ట్రం కింద చూడాలి. సీపీఐ జాబితాలో ఆయన పేరు దొరకదు, ఆ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్ళంతా పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు, మనవాళ్ళు పీడీఎఫ్ అనేది దాన్నే. ఆ లోక్‌సభలో సీపీఐకి 16 సీట్లు, పీడీఎఫ్‌కి విడిగా 7 లెక్క వేశారు.

అంకె దొరికింది. నల్గొండలో రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లు. నెహ్రూ గారిది ఉత్తరప్రదేశ్ కింద, అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమం కలిపిన నియోజకవర్గంలో 2,33,571. అంటే తేడా 75,591. పెద్దవాళ్ళు ఇన్నేళ్ళుగా చెప్పుకొస్తున్న మాట కళ్ళముందు అచ్చులో కనపడేసరికి చాలా సంతోషమేసింది.

కానీ ఆ పేజీలోనే నల్గొండకి గెలిచినవాళ్ళు ఇద్దరు! రెండో పేరు సుంకం అచ్చాలు, ఆయనా పీడీఎఫే. అప్పట్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరిని ఎన్నుకునేవారు, ఒకటి జనరల్, ఇంకోటి రిజర్వుడు. దేశంలో ఉన్న 401 నియోజకవర్గాల్లో 86 ఇలాంటివి. అక్కడ ఒక్కో ఓటరుకి రెండు ఓట్లు, రెండూ ఒకే మనిషికి వేయడానికి లేదు. నివేదికలో ఓటర్ల కన్నా పోలైన ఓట్లు ఎక్కువ కనిపించినా కంగారు పడాల్సిన పనిలేదు, కారణం ఇదే. 1961లో చట్టం చేసి ఈ పద్ధతి తీసేశారు.

ఇది మా గ్రంథాలయంలో చెప్పగానే చర్చ లేచింది. అలాగైతే మూడు లక్షలు గొప్పేం కాదు కదా, ఆ వివరం ఎందుకు వేయడం, వదిలేద్దాం అన్నారు ఒకరిద్దరు. నేను ఒప్పుకోలేదు. నెహ్రూ గారి నియోజకవర్గమూ రెండు సీట్లదే, అక్కడ రెండో సీటు మసూరియా దీన్ గెలిచారు. కాబట్టి పోలిక సరిసమానమైన వాటి మధ్యే ఉంది, దాచాల్సిందేమీ లేదు, పైగా ఆ వివరం చెబితేనే పోలికకి బలం. రేపు ఎవరైనా వచ్చి రెండు ఓట్ల సంగతి ఎత్తి చూపిస్తే అప్పుడు తల దించుకోవడం కన్నా మనమే ముందు చెప్పడం మేలు. అక్కడే కూర్చున్న ఒక రిటైర్డ్ మాస్టారు, "రాయి బిడ్డా, మా అమ్మ కూడా అనేది, రెండు కాగితాలిచ్చిన్రు, రెండు డబ్బాలల్ల ఏసినమని" అన్నారు. అప్పట్లో బ్యాలెట్ మీద పేర్లు ఉండేవి కావు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు, ఎవరికి వేయాలనుకుంటే వాళ్ళ పెట్టెలో కాగితం వేసి రావడమే. ఆ డబ్బాల మాట నేను రాసుకున్నాను, పోస్టర్లో పెట్టాను కూడా.

తర్వాత సభ లోపల సంగతి. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో పాత చర్చలన్నీ స్కాన్ చేసి పెట్టారు, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఇంత మంచి సదుపాయం ఉందని మనలో చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది. మొదటి సభ 1952 మే 13న కూర్చుంది కానీ లోక్‌సభ అనే పేరు 1954 మే 14న పెట్టుకున్నారు, అంతకుముందు సంపుటాల మీద హౌస్ ఆఫ్ ద పీపుల్ అనే ఉంటుంది. పేరుతో వెతకడం ఇంకో తలనొప్పి. పాత అచ్చులో రెడ్డి అనే మాటకి ఇంగ్లీషులో చివరి అక్షరం ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి, నారాయణ అన్నదీ అంతే, పైగా స్కాన్ మసకగా ఉన్నచోట కంప్యూటర్ అక్షరాల్ని తప్పు చదువుతుంది. సభ్యుడి పేరు పక్కన బ్రాకెట్లో ఊరి పేరు వేస్తారు కాబట్టి నేను నల్గొండ అని కొట్టి వెతికాను, అది బాగా పనిచేసింది. ప్రశ్నోత్తరాలు మొదటి భాగంలో, మిగతా చర్చలు రెండో భాగంలో ఉంటాయి, రెండూ తెరవాలి. ఓపిక ఉంటే తప్ప కుదిరే పని కాదు, రాత్రిళ్ళు భోజనం అయ్యాక కూర్చుని చేశాను.

అసలు చిక్కు 1957 దగ్గర వచ్చింది. ఆ ఏడాది ఆయన లోక్‌సభకి కాదు, భువనగిరి నుంచి అసెంబ్లీకి గెలిచారు. 1957లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి అసెంబ్లీ ఎన్నికలు జరగలేదు. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే అయిపోయాయి కాబట్టి తెలంగాణలో మాత్రమే పెట్టారు. అక్కడి 196 మంది, ఇక్కడి 105 మంది కలిసి 301 మందితో సభ. కొన్ని పట్టికల్లో ఆ సభని 1955 నుంచి చూపిస్తారు, కొన్నింటిలో 1957 నుంచి. ఈ సంగతి తెలియకపోతే రావి నారాయణరెడ్డి గారి పేరు ఒక జాబితాలో ఉండి ఇంకోదాంట్లో లేనట్టు అనిపిస్తుంది.

ఆ ఐదేళ్ళ అసెంబ్లీ చర్చల్లో కొన్ని పేజీల నకళ్ళ కోసం ఒక కార్యాలయానికి సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. మా దగ్గర లేవని ఒక్క లైను రాసి తిప్పి పంపారు. దగ్గర లేకపోతే ఎవరి దగ్గర ఉన్నాయో అక్కడికి ఐదు రోజుల్లో బదిలీ చేయాలని చట్టంలో 6(3) సెక్షన్ చెప్తోంది, మనిషిని తిప్పి పంపమని కాదు. కోపం వచ్చింది, నిజంగానే. చనిపోయి ముప్పై ఏళ్ళు దాటిన ప్రజాప్రతినిధి సభలో అందరి ముందు మాట్లాడిన మాటలు రహస్యమా? ఆ సెక్షన్ రాస్తూ మొదటి అప్పీలు వేశాక దరఖాస్తు కదిలింది, పేజీలు పోస్టులో వచ్చాయి.

1962లో మళ్ళీ నల్గొండ నుంచే లోక్‌సభకి వెళ్ళారు, ఈసారి సీపీఐ పేరు మీదే. అంటే రెండుసార్లు ఎంపీ, మధ్యలో ఒకసారి ఎమ్మెల్యే, మొత్తం 1952 నుంచి 1967 దాకా చట్టసభల్లోనే. 1992లో పద్మవిభూషణ్ ప్రకటించేనాటికి ఆయన లేరు, అంతకుముందు సెప్టెంబరులోనే కన్నుమూశారు. నిజాం పాలనలో తెలుగువాళ్ళ సంస్థ అయిన ఆంధ్ర మహాసభ 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో జరిపిన సభలకి అధ్యక్షత వహించిన విషయం వేరే పోస్టర్లో పెట్టాను, అది చట్టసభల లెక్కలోకి రాదు కాబట్టి.

ఇప్పుడైతే అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్లో ఆస్తులు, కేసులు, చదువు అన్నీ రాసివ్వాలి, సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యమా అని అవి అందరికీ దొరుకుతున్నాయి. ఆ తరం వాళ్ళకి అవేమీ లేవు, చర్చల సంపుటాలే దిక్కు, అందుకే వాటిని తెరిచి చదవడం మన బాధ్యత అని గట్టిగా అనుకుంటున్నాను. పోస్టర్లు చూసిన ఇంటర్ పిల్లలు ఎక్కువసేపు నిలబడింది రెండు ఓట్లు, రెండు డబ్బాల బొమ్మ దగ్గరే, రిజర్వుడు సీటు గెలిచిన అచ్చాలు గారి గురించి కూడా అడిగారు.

ఇప్పుడు ఆలేరు నుంచి 1952, 1957, 1962ల్లో వరసగా గెలిచిన ఆరుట్ల కమలాదేవి గారి రికార్డు మొదలుపెట్టాను. ఆమెది మొదట హైదరాబాద్ రాష్ట్ర అసెంబ్లీ, తర్వాత ఆంధ్రప్రదేశ్‌ది, కాబట్టి రెండు సభల సంపుటాలూ చూడాలి. పాత హైదరాబాద్ అసెంబ్లీ చర్చల్లో ఉర్దూ చదివి పెట్టగలిగినవాళ్ళు ఎవరైనా మా వైపు ఉంటే చెప్పండి, కూర్చుని చేద్దాం.