అఛిపూర్ చీనా గుడికి వెళ్లిన రోజు

కోల్‌కతా సియాల్దా స్టేషన్‌లో బజ్‌బజ్‌కి లోకల్ టికెట్టు పది రూపాయలు. అక్కడ దిగాక అఛిపూర్‌కి ఆటో అతను అడిగింది మూడొందలు. మహా అయితే ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల, భాష రాదు, చేతిలో ఫోను పట్టుకుని దిక్కులు చూస్తోంది. ఇంతకంటే ఏం కావాలి వాళ్లకి? బేరమాడితే రెండొందల యాభైకి దిగాడు. నేను కదల్లేదు.

నిజానికి చిరాకు అంతకు రెండు గంటల ముందే మొదలైంది. సియాల్దా సౌత్ సెక్షన్‌లో ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిందని బెంగాలీలో చెప్పారు కాబోలు, జనమంతా ఒక్కసారిగా పరుగెత్తారు. నేనూ వాళ్ల వెనకే పరుగెత్తి లేడీస్ పెట్టెలో ఎక్కేశాను. బాలీగంజ్ దాటాక పక్కామెను అడిగితే, ఇది కానింగ్ వెళ్లే బండి అంది. బజ్‌బజ్ లైను బాలీగంజ్ దగ్గరే చీలిపోతుందని మ్యాప్‌లో చూసి కూడా మర్చిపోయాను. జాదవ్‌పూర్‌లో దిగి, వెనక్కి బాలీగంజ్ వచ్చి, మళ్లీ బజ్‌బజ్ బండి కోసం గంట సేపు నిలబడ్డాను. చేతిలో ఉన్నది ఈ దారి టికెట్టు కాదు, టీసీ వస్తే ఏం చెప్పాలా అని ఒకటే టెన్షన్.

కోల్‌కతాలో మిగతా మూడు రోజుల గురించి రాయను, అందరూ చూసేవే చూశాను. అఛిపూర్ పేరు దొరికింది టిరెట్టా బజార్‌లో, అది అక్కడి పాత చైనా వాళ్ల పేట. తెల్లవారుజామునే అక్కడ చైనీస్ టిఫిన్లు అమ్ముతారు కదా, మోమోలు తింటూ ఒక చైనీస్ పెద్దాయన్ని అడిగాను, మీవాళ్లు ఈ ఊరికి ఎప్పుడొచ్చారని. ఆయన చెప్పిన ఒక్క మాట ఇదే, అఛిపూర్. మా కొత్త సంవత్సరం వస్తే అందరం అక్కడికే వెళ్తామన్నాడు. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఫోన్లో దొరికిందంతా చదివాను. ఇక వెళ్లకుండా ఉండలేకపోయాను.

బజ్‌బజ్ స్టేషన్ బోర్డు మీద కోమగాటా మారు పేరు కూడా ఉంటుంది. 1914లో కెనడా వాళ్లు దిగనివ్వక తిప్పి పంపిన ఆ ఓడ చివరికి చేరింది ఇక్కడికే. ప్రయాణికులు ఎక్కువగా పంజాబీ సిక్కులు. అన్ని నెలలు సముద్రం మీద గడిపి వస్తే ఒడ్డున వాళ్లకు దొరికింది పోలీసుల తూటాలు. స్టేషన్ బయట కాసేపు ఆగాను. అక్కడే వాన మొదలైంది, అక్కడే ఎడమ చెప్పు తెగింది. బొటనవేలి దగ్గర పట్టీ మొత్తంగా ఊడి వచ్చేసింది.

చివరికి షేర్ ఆటో దొరికింది. చెప్పు ఈడ్చుకుంటూ నలుగురి మధ్య ఇరుక్కున్నాను. ఇరవై రూపాయలే తీసుకున్నారు. మూడొందలు అడిగిన మనిషి మీద అప్పుడు మరింత కోపమొచ్చింది.

ఆటోవాళ్లు ముందు దింపేది నది ఒడ్డున, సమాధి దగ్గర. గుడి అక్కడ ఉండదు, ఊళ్లోకి నడవాలి. ఆ సంగతి తెలియక సమాధి చుట్టూనే గుడి కోసం వెతికాను. అలా వెతకడమే మంచిదైంది, లేకపోతే రెండు నిమిషాలు చూసి వెళ్లిపోయేదాన్ని. గుర్రపు లాడం ఆకారంలో, ఎర్రరంగు పూసిన కట్టడం. ఎదురుగా హుగ్లీ, ఇక్కడ మన గోదావరి అంత వెడల్పు. ఇసుక పడవ ఒకటి మెల్లగా పోతోంది. వాన నీళ్లు లాడం వంపులోంచి జారి, మధ్యలో ఎవరో వెలిగించి వదిలేసిన అగరుబత్తి పుల్లల మీదుగా పారుతున్నాయి. ఎర్రటి పుల్లలు, మన దగ్గర దొరికేవాటికన్నా లావు. వానకి వాటి రంగు కరిగి, నేల మీద సన్నగా గులాబీ చార కట్టింది.

ఆ సమాధి అఛ్యూ అనే చైనా వ్యాపారిది. వారెన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడికి వచ్చి, ఆరు వందల యాభై బిఘాల భూమి ఏడాదికి నలభై అయిదు రూపాయల శిస్తుకు తీసుకుని, చెరకు వేసి, పంచదార మిల్లు పెట్టాడు. పనివాళ్లను చైనా నుంచే తెచ్చుకున్నాడు. ఓడల మీద నుంచి పారిపోయి కలకత్తాలో తిరిగే చైనా నావికులు వచ్చి తన పనివాళ్లను లాక్కుపోతున్నారని 1781లో ఈస్టిండియా కంపెనీ వాళ్ల దగ్గర మొర పెట్టుకున్నాడు. 1783 ముగిసేలోపే చనిపోయాడు. మిల్లు పోయింది, చెరకు పోయింది, ఊరికి మాత్రం ఆయన పేరే మిగిలింది. పరాయి దేశంలో పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే ఆ మనిషికి రాత్రిళ్లు ఎలా నిద్రపట్టేదో అనిపించింది నాకు.

గుడికి దారి అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. ఊరివాళ్లు ఆ చోటును పిలిచే పేరు ‘చీనేమాన్‌తలా’ అన్నాక ఒక కుర్రాడు చెయ్యి చూపించాడు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, బురదలో ఒంటికాలి చెప్పుతో నడిచాను. తీరా వెళ్తే గేటుకి తాళం. చూసుకునే ఆయన నమాజుకు వెళ్లారని ఎదురింటి వాళ్లు సైగలతో చెప్పారు. ఆ రోజు శుక్రవారం. నాలుగైదు రోజులుగా ప్రతి పైసా లెక్క చూసుకుంటూ వచ్చి, ఈ ఒక్క గుడి కోసం పొద్దుటి నుంచీ తిరిగి, తాళం ముందు తడుస్తూ నిలబడితే ఏడుపొచ్చేసింది. అదే సమయానికి ఫోను కూడా ఆగిపోయింది.

ముప్పావు గంటకి ఆయన వచ్చారు. నన్ను చూసి, ఏమీ అడక్కుండా, పరుగులాంటి నడకతో తాళం తీశారు. లోపల గుడి చిన్నది. ఎర్రటి అరుగు మీద భూమి దేవుడు, ఆయన భార్య. ఊరివాళ్లు వీళ్లను ఖుదా, ఖుదీ అంటారు. చైనా కొత్త సంవత్సరం తర్వాత కోల్‌కతా చైనీస్ కుటుంబాలు వచ్చి ఎర్ర కొవ్వొత్తులు వెలిగిస్తాయి, కాల్చిన పందిని నైవేద్యం పెడతాయి. మిగతా ఏడాదంతా ఆ దేవుళ్ల ముందు ఊడ్చి తుడిచేది ఈ ముస్లిం పెద్దాయనే. అదే ఆవరణలో సుందరవనాల పులిదేవుడు దక్షిణ్ రాయ్‌కి కూడా చోటుంది. ఎవరూ ఎవరికీ అడ్డు కాలేదు అక్కడ. ఆయనకు హుండీ ఎక్కడా కనిపించలేదని చెప్పి యాభై రూపాయలు ఇవ్వబోతే, కొవ్వొత్తులకు అని అడిగి మరీ తీసుకున్నారు.

తిరిగి బజ్‌బజ్ చేరేసరికి నాలుగు దాటింది. ఆకలి. స్టేషన్ దారిలో ఒకచోట గాలి మారగానే కాళ్లు ఆగిపోయాయి. తడిసిన జనపనార వాసన. మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొస్తే చొక్కా మీద, కనుబొమల మీద సన్నటి నార నలుసులు, అచ్చం ఇదే వాసన. ఆయన పోయి పదకొండేళ్లు.

రోడ్డు పక్క బడ్డీలో ఫోను చార్జింగ్ పెట్టించుకుని, అమ్మ భయపడుతుంటుందని ఫోన్ చేశాను. పెట్టేయగానే మురీలు కలుపుతున్న ముసలామె అంది,

“ఏటమ్మా, తెలుగోలా మీరు? ఏ ఊరు?”

ఆ యాస వినేసరికి గొంతు పట్టేసింది. నెల్లిమర్ల అన్నాను.

“మాది టెక్కలి కాడ. నానిక్కడే పుట్టినాను. మా అయ్య చటకల్లో పన్జేసీవోడు.”

జూట్ మిల్లుని ఇక్కడ చటకల్ అంటారు. హుగ్లీ పొడవునా ఆ మిల్లుల్లోకి మన ఉత్తరాంధ్ర జనం తరాలుగా వచ్చారని తాత చెప్పేవాడు, నేనే ఎప్పుడూ చూడలేదు. ఆమె తెలుగు చదవలేదు. నీళ్లని జల్ అంటుంది, మరమరాలను మాత్రం మాలాగే మురీలు అంటుంది, బెంగాలీలోనూ అది మురీయే కదా. టెక్కలి వెళ్లి ఎన్నేళ్లయిందో లెక్క చెప్పలేకపోయింది. “ఎవులున్నారు, ఎల్లడానికి?” అంది, చేతిలో ఉల్లిపాయ తరుగుతూనే.

“ఒక్కదానివే వొచ్చీసినావా? ఆ కాలేటి?”

చెప్పు చూపించాను. ఆమె బడ్డీ కింద నుంచి పురికొస ఉండ తీసింది. మేకుతో పట్టీకి బెజ్జం పొడిచి, కొసని లాలాజలంతో తడిపి, దూర్చి, రెండు మెలికలు తిప్పి పళ్లతో బిగించింది. మనవణ్ని పిలిచి నాతో తెలుగులో మాట్లాడమంది. ఏడేళ్లుంటాయి, “బాగున్నారా” అని అరిచి లోపలికి పరుగెత్తాడు.

డబ్బులు తీసుకోనంది. మురీల పొట్లానికి మాత్రం పది రూపాయలు తీసుకుంది, అది బేరం కాబట్టి. మిల్లు నడుస్తోందా ఇంకా అని అడిగింది. ఏ మిల్లు అన్నాను. “మీ ఊరిదే” అంది.

నడుస్తూ ఆగుతూ ఉందని చెప్పాను. ఆవాల నూనె ఘాటుకి కళ్లు మండుతున్నా పొట్లం అక్కడే, ఆమె ముందే, అడుగంటా తినేసి రైలెక్కాను. పురికొస ముడి సియాల్దా దాకా కాదు, విజయనగరంలో దిగేదాకా ఊడలేదు.