పాదరసానికి 0.03 పరిమితి ఎందుకు చాలదు

థర్మల్ కేంద్రాల నివేదికల్లో పాదరసం ఎదురుగా "పరిమితి లోపే ఉంది" అని కనబడితే అంతటితో ఊరట పడకండి. ఆ పరిమితి ఎంత వదులుగా ఉందో చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది.

2015 డిసెంబర్ 7న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో మన బొగ్గు కేంద్రాల చిమ్నీలకి సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం పరిమితులు వచ్చాయి. అంతకుముందు దేశమంతటికీ కలిపి పొగలో కొలిచి చూసే పరిమితి ధూళికే ఉండేది. పాదరసానికి పెట్టిన సంఖ్య ఘనపు మీటరు పొగకి 0.03 మిల్లీగ్రాములు. 2003 చివరిలోపు వచ్చిన యూనిట్లలో 500 మెగావాట్లు, ఆ పైవాటికే ఇది వర్తిస్తుంది. ఆ తర్వాత వచ్చినవాటికి అన్నిటికీ ఉంది.

ఇప్పుడు లెక్క. కిలోకి 3,600 కిలో కేలరీలిచ్చే దేశీయ బొగ్గు కాలిస్తే తేమ తీసేసి, పొగలో ఆక్సిజన్ 6 శాతం ఉన్నట్టు లెక్కగట్టి, 25 డిగ్రీల వద్ద చూస్తే కిలోకి సుమారు 6 ఘనపు మీటర్ల పొగ వస్తుంది. బొగ్గులో పాదరసం టన్నుకి 0.14 గ్రాములు, అంటే కిలోకి 0.14 మిల్లీగ్రాములు అనుకుందాం. మన బొగ్గుకి ఇది అతిశయోక్తి కాదు. అదంతా, ఒక్క రవ్వ కూడా పట్టుబడకుండా, చిమ్నీలోంచి పోయిందనే అనుకోండి. 0.14ని 6తో భాగిస్తే 0.023. పరిమితి 0.03. పాదరసం కోసం ఒక్క పరికరం పెట్టకపోయినా యూనిట్ పాసైపోతుంది!

అదే బొగ్గులో గంధకం 0.4 శాతం ఉందనుకుంటే కిలోకి 8 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్, అంటే ఘనపు మీటరుకి 1,300 మిల్లీగ్రాముల పైచిలుకు. 2004కీ 2016కీ మధ్య వచ్చిన 500 మెగావాట్ల యూనిట్‌కి పరిమితి 200. దాదాపు 85 శాతం తగ్గించాలి, కాబట్టి పొగలోంచి సల్ఫర్ తీసే ఎఫ్‌జీడీ కట్టక తప్పదు. పరిమితి అంటే అలా పని చేయించాలి. పాదరసం సంఖ్య ఎవరి చేతా ఏ పనీ చేయించడం లేదు. అమెరికా సాధారణ బొగ్గు కేంద్రాలకి 2012లో పెట్టిన పరిమితిని మన కొలతలోకి మారిస్తే ఘనపు మీటరుకి ఒకటిన్నర మైక్రోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మనది 30 మైక్రోగ్రాములు.

మొత్తంగా ఎంత పోతుందో కూడా చూడాలి. 500 మెగావాట్ల యూనిట్ గంటకి 340 టన్నుల బొగ్గు తింటుంది. 85 శాతం లోడుతో ఏడాది నడిస్తే బాయిలర్‌లోకి వెళ్లే పాదరసం సుమారు 350 కిలోలు. అందులో ఎంత గాల్లోకి పోతుందన్నది పాదరసం ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. బూడిద రేణువులకి అంటుకున్నది, కరెంటుతో ధూళిని పట్టే ఈఎస్‌పీలో దొరుకుతుంది. క్లోరిన్‌తో కలిసి ఆక్సీకరణ చెందినది నీళ్లలో కరుగుతుంది కాబట్టి తడి ఎఫ్‌జీడీలో దిగుతుంది. మూలకంగానే మిగిలిన ఆవిరి మాత్రం రెండిటినీ దాటుకుని పోతుంది. మన బొగ్గులో క్లోరిన్ తక్కువ కావడం వల్ల ఈ మూడో వాటా బాగా పెరుగుతుంది. ఈఎస్‌పీ దగ్గర పొగ 150 డిగ్రీలు దాటినా, బూడిదలో కాలకుండా మిగిలిన కార్బన్ మరీ తక్కువగా ఉన్నా పట్టుబడేది ఇంకా తగ్గుతుంది.

ఎఫ్‌జీడీ వస్తే పాదరసం కూడా కొంత తగ్గుతుందన్న ఆశ ఉండేది. 2025 జూలైలో వచ్చిన నోటిఫికేషన్ దాన్ని చాలావరకు తీసేసింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకీ ఢిల్లీ రాజధాని ప్రాంతానికీ 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలకి సల్ఫర్ పరిమితి అందుకోవడానికి 2027 చివరి వరకు గడువు ఉంది. తీవ్ర కాలుష్య ప్రాంతాలకీ, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకీ దగ్గర్లోవి ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. మిగతావాటికి చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలు, సల్ఫర్ పరిమితి నుంచి మినహాయింపే. చిమ్నీ ఎత్తు పెంచితే వాయువు దూరం పోయి పలచబడుతుందన్నది సల్ఫర్ గురించిన వాదన. పాదరసం విషయంలో అది చెల్లదు. ఎంత దూరంలో పడినా నీటి అడుగు బురదలో మిథైల్ పాదరసమనే విషంగా మారి చేపల్లో పోగుపడుతుంది.

ఎఫ్‌జీడీ లేకుండా పాదరసం పట్టే దారి ఉంది. పొగ వేడితో బాయిలర్ గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ తర్వాత, ఈఎస్‌పీకి ముందు, బ్రోమిన్ పట్టించిన యాక్టివేటెడ్ కార్బన్ పొడిని పొగలోకి చల్లుతారు. మన బొగ్గులో తక్కువైన క్లోరిన్ పనిని బ్రోమిన్ చేస్తుంది. చిక్కు బూడిద దగ్గర వస్తుంది. కార్బన్ కలిసిన బూడిద కాంక్రీటులో గాలి బుడగలు నిలబెట్టే రసాయనాన్ని పీల్చేస్తుంది, సిమెంటు కంపెనీలు తీసుకోవు. అందుకని ఈఎస్‌పీ తర్వాత బ్యాగ్ ఫిల్టర్ పెట్టి, ఆ రెండిటి మధ్య కార్బన్ చల్లడం మేలు. ఖర్చు ఎక్కువే, కానీ అమ్ముకునే బూడిద పాడవదు.

రాష్ట్రం చేతిలో ఏముందన్నది అసలు విషయం. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 3(2) ప్రకారం, చుట్టుపక్కల గాలీ నీరూ ఉన్న స్థితిని బట్టి, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఏ పరిశ్రమకైనా కేంద్రం కన్నా కఠినమైన పరిమితి పెట్టవచ్చు. 1981 వాయు చట్టం సెక్షన్ 21 కింద ఇచ్చే నడిపే అనుమతి (సీఎఫ్‌ఓ)లో దాన్ని షరతుగా రాయవచ్చు. కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి (కేటీపీఎస్) నీళ్లిచ్చే కిన్నెరసాని అయినా, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కన కృష్ణ అయినా చేపలు పట్టే నీళ్లు. రాసుకోవడానికి అంతకన్నా కారణం ఏం కావాలి? అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం కేంద్రం కోసం ఆగకుండా 2004లోనే నియమం తెచ్చి, 2008 నుంచి 85 శాతం, 2012 అక్టోబర్ నుంచి 95 శాతం పాదరసం పట్టాలంది. 2005లో కేంద్రం తెచ్చిన బలహీనమైన నియమాన్ని 2008లో కోర్టు కొట్టేసినా ఆ రాష్ట్రం నియమం నిలబడింది.

షరతు రాస్తే కొలత కూడా అందులోనే రాయాలి. చిమ్నీకి పెట్టే ఆన్‌లైన్ మీటర్లు మామూలుగా చూపేవి ధూళి, సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రమే. పాదరసానికి మనిషి ఎక్కి నమూనా తీయాలి. పాదరసాన్ని పీల్చే పదార్థం నింపిన గొట్టాలు వాడే సోర్బెంట్ ట్రాప్ పద్ధతిలో రెండు ట్రాపులు పక్కపక్కన పెట్టి ఒకేసారి లాగుతారు. రెండిటి ఫలితాల తేడా వాటి మొత్తంలో 10 శాతం దాటినా, ట్రాపు వెనక భాగంలోకి జారినది ముందు భాగంలో చిక్కినదానిలో 10 శాతం మించినా ఆ పరీక్ష చెల్లదు. ఇది ఆవిరి రూపాన్నే కొలుస్తుంది కాబట్టి ఈఎస్‌పీ సరిగా పనిచేస్తున్నప్పుడే నమ్మాలి.

తరచుగా పొరపాటు జరిగేది ఆక్సిజన్ దగ్గర. డక్టుల్లో, ఎయిర్ ప్రీహీటర్‌లో గాలి లీకై పొగలో ఆక్సిజన్ 10 శాతం ఉన్నప్పుడు 0.020 కొలిచారనుకోండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, పరిమితితో పోల్చే లెక్క 6 శాతం దగ్గర. 21లోంచి 6 తీస్తే 15, 21లోంచి 10 తీస్తే 11. 0.020ని 15తో గుణించి 11తో భాగించాలి, 0.027 వస్తుంది. రిపోర్టులో ఆక్సిజన్ శాతం రాయకపోతే ఆ సంఖ్యకి అర్థమే లేదు.

సమాచార హక్కు కింద అడిగేవాళ్లు పాదరసం సంఖ్య ఒక్కటీ అడిగి ఊరుకోవద్దు. నమూనా తీసిన రోజు యూనిట్ లోడు, పొగలో ఆక్సిజన్, ఈఎస్‌పీ దగ్గర ఉష్ణోగ్రత, ఆ రోజు కాల్చిన బొగ్గు ఏ గనిది, దిగుమతి బొగ్గు ఎంత కలిపారు, ఆ బొగ్గులోనూ ఈఎస్‌పీలో పట్టిన బూడిద (ఫ్లై యాష్)లోనూ పాదరసం ఎంత అన్నవి కూడా అడగండి. ఎఫ్‌జీడీ లేనిచోట బొగ్గు, బూడిద లెక్కలు రెండూ దొరికితే గాల్లోకి పోయింది ఎంతో, చిమ్నీ రిపోర్టు లేకుండానే, తీసివేతతో కట్టుకోవచ్చు.