చిన్న ట్రాక్టరుకి ఎంత ట్రక్కు?

మా పామాయిల్ తోటలో గెలలు మోయడానికి 24 హెచ్‌పీ ట్రాక్టరు కొన్నాక, దాని వెనక తగిలించే ట్రక్కు (ట్రైలర్) ఎలాంటిది కావాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "నాలుగు చక్రాలది తీసుకోరా, ఎంతైనా పడుతుంది" అన్నాడు మా బావ. పట్టడం సరే, ఆపేదెవరు? ట్రాక్టరు బరువే టన్నుకి అటూ ఇటూ. వెనక మూడు టన్నులు కట్టుకుని కాలవ గట్టు దిగితే, బ్రేకు తొక్కినా ట్రక్కే ముందుకు నెట్టేస్తుంది. అందుకే రెండు చక్రాలది, టన్నున్నర మోసేది ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించాను.

షాపతను ఇరుసుని తొట్టికి సరిగ్గా మధ్యలో పెడతానన్నాడు. నేను పట్టుబట్టి జానెడు వెనక్కి జరిపించాను. అప్పుడు బరువులో కొంత ట్రక్కుని తగిలించే హుక్కు మీద పడి, ట్రాక్టరు వెనక చక్రాలు నేలని పట్టుకుంటాయి, బురదలో ఊరికే తిరగవు. మరీ వెనక్కి జరిపితే మాత్రం గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. ఇక స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు. హుక్కు కూడా కిందనే ఉండాలి. పైన తగిలిస్తే బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది.

తొట్టిని పైకెత్తి సరుకు దించే హైడ్రాలిక్ పెట్టించలేదు. వెనక తలుపు తీసి గెలల్ని కొంకితో లాగేస్తాం. ఆ డబ్బు మంచి టైర్లకి, అడుగున మందం రేకుకి పెట్టాను. రంగు దగ్గర మా అమ్మాయి మాటే నెగ్గింది, నీలం. వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు మాత్రం నేనే దగ్గరుండి అంటించాను.